ఫ్యాక్టరీ ఆగిన వారం

బుధవారం, మార్చి 12

ప్రియమైన అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ బాగున్నాం. నువ్వూ, బావగారూ, నీ కడుపులో కాళ్ళాడిస్తున్న మా చిన్నారీ బాగున్నారని తలుస్తున్నాను.

నాన్న కోపం ఇంకా దిగలేదు. ఫ్యాక్టరీ పని మానేదాకా నిన్ను గడప తొక్కనివ్వనన్న మాట మీదే ఉన్నారు. నీ ఊసెత్తాలంటే అమ్మా నేనూ వంటింట్లోకి దూరాలి. నా జడ నేనే వేసుకుంటున్నాను. పాపిడి వంకర పోతోంది.

కాలేజీలో మాకో మంచి పని దొరికింది. ఊళ్ళోని ఆరోగ్య కేంద్రాల వివరాలు కంప్యూటర్లో పెట్టుకుని, గర్భిణులు ఎక్కడ పరీక్షలకు వస్తున్నారో, ఎక్కడ మానేస్తున్నారో చూస్తున్నాం. ఊరి మొత్తానికి సగటు తీస్తే ముచ్చటగా ఉంది. పేటల వారీగా విడదీస్తే మీ పేట వెలవెలబోయింది. మొదటి పరీక్షకు వచ్చినవాళ్ళలో సగం మంది రెండోదానికి లేరు. ‘సగటు’ అన్న మాట మీద నాకు అప్పుడే మనసు విరిగింది.

మా జట్టులో ఆరిందా అని అందరూ పిలిచే అబ్బాయి ఉన్నాడు. ఆ పేట ఆడవాళ్ళకి ఒంటిమీద శ్రద్ధ లేదని రాసేద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నెలల లెక్క వదిలి రోజుల వారీగా చూద్దామని పట్టుబట్టాను. నిరుడు వానాకాలంలో ఒక్క వారం మీ కేంద్రం కిటకిటలాడింది. ఎందుకో అంతుపట్టలేదు. చివరికి వాడే అక్కడి నర్సుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ వారం మరమ్మతులకని మీ ఫ్యాక్టరీ మూసేశారట. మామూలుగా కేంద్రం తెరిచి ఉండే వేళల్లో మీరు మిషన్ల ముందుంటారు. మీకు సెలవైన ఆదివారం దానికీ సెలవే. ఆరిందా తల గోక్కుంటూ, “శ్రద్ధ లేనిది మనకేనన్నమాట,” అన్నాడు.

మా టీచరు ఈ లెక్కలు మీ కేంద్రం డాక్టరమ్మకి చూపించారు. ఈ ఆదివారం ఉదయం కేంద్రం తెరిచి చూస్తానన్నారావిడ. జనం వస్తే ప్రతి ఆదివారం తెరుస్తారు, రాకపోతే ఇంతటితో సరి.

మాకిచ్చిన వివరాల్లో పేర్లుండవు. ఆరో నెలలో పరీక్షలు ఆగిపోయిన వరుస కనబడితే చాలు, అది నువ్వేనేమో అనిపించేది. మొన్న అమ్మ ఫోన్లోంచి దొంగచాటుగా నీ పరీక్షల సంగతి అడిగితే “వెళ్తాలే” అన్నావు. జ్వరమొస్తే మాత్ర వేసుకోమన్నా “వేసుకుంటాలే” అని దిండు కింద దాచేదానివి. నీ సంగతి నాకు తెలియదా? ఆదివారం తప్పకుండా రా అక్కా. నీతో పనిచేసేవాళ్ళనీ తీసుకురా. ఎంతమంది వచ్చారో రాసుకోవడానికి టీచరు నన్ను పంపుతున్నారు కాబట్టి నేనూ అక్కడే ఉంటాను.

నీ రాకకు ఎదురుచూస్తూ,
నీ చెల్లి

తా.క.: టీచరు పంపుతున్నది ఆరిందాని. నన్నెవరూ పంపడం లేదు. నిన్ను చూడాలని ఉందని రాస్తే, నాన్నకి తెలిస్తే గొడవని నువ్వే రావద్దంటావేమోనని అలా రాశాను. నిన్ను లోపలికి పిలిచేదాకా బెంచీ మీద నీకు ఆనుకుని కూర్చుంటాను. ఆ రోజు వరుస ఎంత పొడుగుంటే అంత మంచిది.