జంగుకు షుగర్

హఫీజ్‌పేట్, ఆదివారం

అమ్మా, మంచిగున్న. ఫోన్‌ల అయితే మళ్ల కొట్లాడుకుంటమని కార్డు రాస్తున్న.

నా పిల్లి జంగుకు షుగర్ వచ్చింది. రెండు పూటలా తిన్నంక ఇన్సులిన్ సూది ఇయ్యాలె. శుక్రవారం ఇంటి ఓనరు కనకలక్ష్మమ్మ దానికి ప్రసాదమని పరమాన్నం పెట్టింది. "మీ భక్తి దాని పాణం తీస్తది" అని లొల్లి చేసిన, పశువుల డాక్టరు ఇచ్చిన కరపత్రం కూడా చదివి వినిపించిన.

"ఉపన్యాసం తర్వాత, ముందు నీ చెయ్యి వణుకుడు ఆపు బిడ్డా" అని, జంగు మెడకాడ తోలు పట్టుకొని సూది ఎట్ల ఇయ్యాల్నో నేర్పింది. ఆమెకూ పదేండ్ల సంది షుగరే.

బోరు మోటరు బాగైందా? నువ్వు ఏసుకోక నీ ఇన్సులిన్ ఫ్రిజ్జులనే పడున్నదని చెల్లె చెప్పింది. ఈసారి తిట్టను. శనివారం దాకా దవాఖాన నర్సమ్మతోని ఏయించుకో. ఆ రోజు నేనొచ్చి ఇస్త, ఇప్పుడు నా చెయ్యి వణకదు.

బాపుకు దండాలు.

నీ రాకేశ్