పూజ లేని వేళ గంట

మిర్యాలగూడ
సోమవారం

ఇన్నయ్యా,

నువ్వు ఫోను ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నీ కోడలు చదివి వినిపిస్తుందని నా ఆశ.

దవాఖాన నుంచి వచ్చాక నువ్వు మంచం దిగలేదని విని, నిన్ను చూసేముందు మీ ఊరి పాత చర్చిలో నీ పేరున ఒక కొవ్వొత్తి వెలిగిద్దామని వెళ్లాను. అంతటితో ఆగితే నేను నేనెట్లా అవుతాను? సాగర్ డ్యాం చూడవచ్చిన జనం చర్చి గుమ్మం దగ్గర ఫోటోలు దిగుతుంటే, ఆ రాతిగోడల వయసు గురించి ఎవరూ అడగని ఉపన్యాసం ఇచ్చాను. వాళ్లు మెల్లగా చేపల వేపుడు బండి వైపు జారుకున్నారు. మిగిలిన ఉత్సాహంతో లోపలికి అడుగు పెడుతూ, మా గుడికి వెళ్లినప్పుడల్లా చేసినట్టే, తలుపు పక్కన వేలాడుతున్న తాడు పట్టి గంట కొట్టాను. భక్తి ఎక్కువై గట్టిగానే కొట్టాను.

చర్చిలో పూజ లేని వేళ ఆ గంట మోగితే మీ ఊళ్లో ఎవరో పోయినట్టని నాకేం తెలుసు! చేపలు వేయించే ఆమె పొయ్యి ఆర్పేసి, "అయ్యో, ఇన్నయ్య తాత పాయె!" అంటూ మీ ఇంటికి పరుగెత్తింది. వెనకాలే ఊరు. ఆ వెనకాల, కొట్టింది నేనేనన్న సంగతే మరిచి, ఏడుస్తూ నేను.

"ఎవడ్రా గంట గొట్టింది? నువ్వా? నా సావు సెప్పనీకె మిర్యాలగూడ నుంచి వచ్చినవురా? పో అవతలికి!" అని మంచంలోంచి అరిచావు. నెల రోజులుగా నీ గొంతు పెగలలేదట. నీ కోడలు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆదివారం మళ్లీ వస్తాను. తిట్టు, కాదనను. కానీ లేచి కూర్చుని తిట్టు. పడుకుని తిడితే నాకు సరిగా వినపడదు.

నీ దోస్తు