తప్పెవరిదని అడగలేదు

అప్పా,

నువ్వు పోయాక నీ చెల్లికి ఇది రెండో వానాకాలం. నీ కుడిచేతిని లాక్కున్న రైసుమిల్లు బెల్టే ఈమధ్య నావి కూడా రెండు వేళ్లు తీసుకుంది. నొప్పి తగ్గిందిలే. వేళ్లు లేని చోట గాలి తగిలితే ఎవరో మెల్లగా పట్టుకున్నట్టుంటుంది.

ఇవాళ శ్రీకాకుళం లేబరాఫీసుకు వెళ్లాను. అడక్కముందే, నీలాగే నేనూ చెప్పేశాను: "తప్పు నాదేనమ్మా. కునుకు పట్టేసినాది."

ఆఫీసరమ్మ రాయడం ఆపి, మన యాసలోనే అంది: "తప్పెవలిదని సట్టం అడగదమ్మా. పన్లో ఉండగా దెబ్బ తగిలిందా, లేదా? తగిలితే పరిహారం ఇవ్వాల్సిందే."

తర్వాత డాక్టరు సర్టిఫికెట్ గురించి, ఇకముందు నేనెంత పని చేయగలనో చూసి కట్టే లెక్క గురించి చాలా చెప్పింది. ఆ మాటలు ఫ్యాను చప్పుడులా ఎక్కడో దూరంగా వినిపించాయి. నా కళ్ల ముందు నువ్వే ఉన్నావు. మిల్లు యజమాని "సూసుకోవద్దేటి?" అంటే తలొంచుకుని, ఏమీ అడగకుండా ఇంటికి వచ్చేశావు. పోయేదాకా "నా తప్పేనే సెల్లీ" అంటూనే ఉన్నావు.

బస్సెక్కాలనిపించలేదు. నాగావళి వంతెన మీద నడుస్తుంటే నీళ్ల మీద పల్చటి ఎండ నాతోపాటే కదులుతోంది. నువ్వు పక్కనే వస్తున్నట్టనిపించి, ఆగి గట్టిగానే అనేశాను: "అప్పా, నీ తప్పు కాదంట!"

కింద బట్టలుతుకుతున్న ముసలావిడ తలెత్తింది. తననే అన్నాననుకుందేమో, చాలాసేపు నావైపే చూసి, నవ్వింది.