అగ్గిపెట్టెలో వచ్చిన పన్ను

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య దీవెనలు. పుల్లటి చప్పరింపు బిళ్ళల ఫ్యాక్టరీలో రోజంతా రుచి చూసేవాడికి పళ్ళు పులవకుండా ఉంటాయా? మంచినీళ్ళు తాగినా జివ్వుమంటున్నాయి. ఇలాగే ఉంటే నా కుర్చీలో ప్యాకింగు సెక్షన్ వాణ్ణి కూర్చోబెడతానని ఓనరు అంటున్నాడు. పళ్ళ డాక్టరువి కదా, ఏదన్నా మందు పోస్టులో పంపు. నువ్వు పీకించుకోమన్న దవడపన్ను పీకించేసుకున్నాను. అగ్గిపెట్టెలో పెట్టి పంపుతున్నాను, చూసుకో.

ఇట్లు, మామయ్య

తా.క.: పీకేటప్పుడు "అబ్బా" అని కూడా అనలేదు.


మామయ్యకి నమస్కారాలు.

పన్ను అందింది. పులుపు తగిలి పంటి పైపొర కరుగుతుంది. లేజరు పట్టి, ఫ్లోరైడు పూస్తే ఆ కరగడం తగ్గుతుందేమోనని మా కాలేజీలో పరీక్షలు చేస్తున్నాం. మీ పన్నును రెండు ముక్కలుగా కోసి, ఒకదానికి అలా చేసి, రెంటినీ పుల్లటి ద్రావకంలో నానబెట్టాం. ఒట్టి ముక్క సుద్దలా గరుకెక్కింది, లేజరు ముక్క బాగా తట్టుకుంది. నోట్లో ఉన్నవాటికీ చేద్దాం, వెంటనే రండి.

మీ మేనకోడలు

తా.క.: ఇన్నేళ్ళు పులుపు చప్పరించిన పన్ను, మేం నానబెట్టకముందు, అద్దంలా ఉంది! మా ప్రొఫెసరుగారు నోరు వెళ్ళబెట్టారు.


అమ్మాయ్, శతాయుష్షు!

నా పన్ను ఘనత ఇన్నాళ్ళకి బయటపడింది. లేజరు ముక్క వెనక్కి పంపు. నోట్లో ఉన్నవి దాని తోడబుట్టినవే కదా, వాటికి మళ్ళీ వేరే పరీక్షెందుకు? నీ ఉత్తరం చూసి ఓనరు పొంగిపోయాడు. "మా బిళ్ళ చప్పరిస్తే పన్ను వజ్రం" అని గోడల మీద రాయిస్తాడట. నా కుర్చీ పదిలం.

ఇట్లు, మామయ్య

తా.క.: రావడానికి తీరిక లేదు. భయం అనుకునేవు.


మామయ్యా,

ముందు ఆ గోడరాతలు ఆపించండి! గట్టిపడింది లేజరు వల్ల, బిళ్ళల వల్ల కాదు. ప్రొఫెసరుగారు మాత్రం మిమ్మల్ని చూడాల్సిందేనని పట్టుబట్టారు. డాక్టర్లందరి ముందు కుర్చీ వేసి ఫొటో తీయిస్తారట. తప్పకుండా రండి.

మీ మేనకోడలు

తా.క.: ఆ కుర్చీ వెనక్కి వాలుతుంది. కంగారుపడకండి.


అమ్మాయ్,

అత్తయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం తెచ్చినాయన్ని ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు గడియ పెట్టి, ఆ తర్వాత చదువు.

ఆ పన్ను నాది. అడ్డంగా మొలిచిందని పీకించుకుని కిటికీ గూట్లో పెడితే మాయమైంది. మీ మామయ్య దవడపన్ను ఆయన దవడలోనే ఉంది. ఇందాక గడ్డం గీసుకుంటూ కూడా చెంప పట్టుకుని మూలిగారు. ఇన్నాళ్ళూ నేను చెప్పకుండా ఉన్నది ఊరికే కాదు. నిజం చెబితే గడప దాటరు, ఇలాగే ఉంటే ఆ పళ్ళూ దక్కవు, ఉద్యోగమూ దక్కదని నాకు బెంగ. ఫొటో అనేసరికి కొత్త చొక్కా తొడుక్కుని బయల్దేరుతున్నారు. పీకాల్సింది పీకు. మిగతావాటికి లేజరో, పూతో, నీకు తోచింది చెయ్యి.

నీ అత్తయ్య

తా.క.: ఆ ఫ్యాక్టరీ బిళ్ళ నేనొక్కటి కూడా నోట్లో వేసుకోలేదని ప్రొఫెసరుగారికి చెప్పు.

ఇంకో తా.క.: ఈసారి "అబ్బా" అన్నారో లేదో మర్చిపోకుండా రాయి.