బావగారు కొట్టిన చప్పట్లు

బావగారికి,

ఎదురుగా అంటే అక్క బాధపడుతుందని రాస్తున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. పెదవులు పగిలేలా నెలంతా వంటింటి తలుపేసుకుని మౌత్ ఆర్గాన్ సాధన చేశాను. మొదటిసారి వేదిక మీద ఒక్కణ్ణే వాయిస్తూ, పాట మధ్యలో కావాలనే కాసేపు ఆగాను. అయిపోయిందనుకుని మీరు లేచి చప్పట్లు కొట్టారు. మిమ్మల్ని చూసి హాలంతా లేచింది. నిర్వాహకుడు నా చేతిలో పూలగుత్తి పెట్టి దింపేశాడు. పైగా మీరు, "అదరగొట్టావోయ్!" అని భుజం తట్టడం ఒకటి!

చిన్నప్పుడు అమ్మ పాడిన జోలపాట నేను ఆగిన ఆ చోటు తర్వాతే ఉంది. దానికోసమే ఆవిడ మోకాళ్ళ నొప్పులతో వచ్చి కూర్చుంది. దారంతా ఒకటే మాట: "నా పాట ఏదిరా?"

ఆదివారం అమ్మతో మీ ఇంటికి వస్తున్నాను. మిగతా సగం అక్కడే వాయిస్తాను. మీరు చేతులు కట్టుకుని కూర్చోండి.

మీ బావమరిది