జత కుదరని చిలకలు

నిర్మల్,
18 జనవరి 1959

శంకరక్కకు అంబదాస్ దండాలు.

నా ఉత్తరాలు ఎట్లా ఉంటాయో నీకు తెలుసు. అందరం బాగున్నాం, మీరూ బాగున్నారనుకుంటాను అని రాసేసరికి అయిపోతుంది. నేను బడికి పోయినవాణ్ణి కాదు, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. రోజూ పొద్దుగూకే వేళ ఆనాడు ఏ బొమ్మలు చెక్కామో, ఏవి ఆరాయో పుస్తకంలో రెండు వరుసలు రాసుకుంటాను. అంతకు మించి రాసే అలవాటు లేదు. ఇవాళ మాత్రం పొడుగ్గా రాస్తున్నాను. బావ చదివి వినిపిస్తుంటే మధ్యలో లేచి వెళ్ళకు.

అక్కా, గంగును నాకు తిరిగి ఇచ్చెయ్యి.

దసరా వెళ్ళిన వారానికి కొండగట్టు మెట్ల మీద పిల్లను నీ ఒడిలో కూర్చోబెట్టి, కొబ్బరికాయ నీ చేతిలో పెట్టి, "ఇగ బిడ్డ నీది" అన్నది నేనే. ఒడిలో పెట్టిన బిడ్డను మళ్ళీ అడగరాదని మన కులంలో కట్టు. తెలియక అడగడం లేదు. తెలిసే అడుగుతున్నాను.

ఒక నిజం నీ దగ్గర దాచాను. పిల్లలు లేని నా అక్క ఒడి నిండాలని ఇచ్చానని ఊరంతా అనుకున్నారు, నేనూ అట్లాగే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఇంట్లో లొల్లి తగ్గాలని ఇచ్చాను.

మా పని నీకు తెలిసిందే. పొనికి చెక్కను నేను చెక్కుతాను. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి అతుకులు నేనే వేస్తాను. నా ఇంటిది లచ్చవ్వ సుద్ద పూస్తుంది. పిల్లలిద్దరూ రంగులు నింపుతారు. చివరికి కన్ను నేను దిద్దుతాను. కన్ను మగవాళ్ళే దిద్దాలని మన బాపు పెట్టిపోయిన పద్ధతి. చిలకలు జతగా అమ్ముడుపోతాయి కాబట్టి జతలో ఒకటి గంగుకు, ఒకటి దేవవ్వకు ఇచ్చేవాణ్ణి. నా తప్పు అక్కడే మొదలైంది. పన్నెండేళ్ళ గంగు మెడ గీత లావుగా లాగి చివర పైకి ఎగరేస్తుంది. పదేళ్ళ దేవవ్వ సన్నగా, సూదితో గీసినట్టు గీస్తుంది. ఇద్దరిలో ఒక్కతె కూడా తగ్గదు. దుకాణం సేటు ఒకసారి బుట్టెడు చిలకలు తిప్పి పంపుతూ, "గివి మొగుడు పెండ్లాలా అంబదాసూ, భూమి పంపకానికి కోర్టుకొచ్చిన పాలోళ్ళా?" అన్నాడు.

ఆనాడు తప్పు నీదంటే నీదని పిల్లలు కొట్లాడుకున్నారు. గంగు బల్ల మీద ఆరుతున్న పన్నెండు చిలకలను దేవవ్వ అరచేత్తో తుడిచేసింది. గంగు చింతగింజల జిగురు గిన్నె తెచ్చి చెల్లెలి జడ మీద బోర్లించింది. జిగురు గట్టిపడ్డాక లచ్చవ్వ ఆ జుట్టును చెవుల పైదాకా కత్తిరించాల్సి వచ్చింది. ఆ వారమే ఒక పిల్లను ఇవ్వమని నీ ఉత్తరం వచ్చింది. నేను రెండోసారి ఆలోచించలేదు.

గంగు పోయాక ఇల్లు నేను కోరుకున్నట్టే నిమ్మళంగా ఉంది. ఇక జతలో రెండు చిలకలూ ఒక్క చేతివే, సేటు నోరు మూస్తాడనుకున్నాను. దేవవ్వ రంగులేసిన మొదటి బల్ల చూద్దును గదా, సగం చిలకలకు లావు గీత, చివర పైకి ఎగిరింది.

"ఇదేందే, గిట్ల గీసినవ్?" అన్నాను.

"గవి నాయి గావు. అక్కయి."

"అక్క ఈడ లేదు గద."

"లేకుంటేంది? దానియి దానికుంటయి."

కన్ను దిద్దబోతే చిలకను నా చేతిలోంచి లాక్కుంది. "అక్క సూడకముందుకే గవి లోకం సూస్తయా బాపు?" అంది. మూడు నెలలుగా గంగు పేరిట చేసిన చిలకలన్నీ కళ్ళు లేకుండా గంపలో ఉన్నాయి. పనికిమాలిన పని అని కోప్పడాలనుకున్నాను. గంప మీద బట్ట కప్పి పెట్టాను.

మీ కరీంనగర్‌లో బిడ్డ ఇంటికి వస్తున్న మా వాడకట్టు యాదవ్వ చేతికి అందులో ఒక చిలకను ఇచ్చి పంపుతున్నాను. గంగుకు చూపించు.

నీ తమ్ముడు
అంబదాస్


నిర్మల్,
9 ఫిబ్రవరి 1959

శంకరక్కకు,

బావ చేత నువ్వు రాయించిన ఉత్తరం అందింది. "ఇచ్చిన బొమ్మను పిల్లలు గుంజుకుంటరు, పెద్దోళ్ళు గుంజుకోరు" అన్నావు. నిజమే. బొమ్మ అయితే నేనూ గుంజుకోను.

గంగు బాగా తింటుందని, బాగా నిద్రపోతుందని, చెల్లెలి పేరు ఒక్కనాడైనా ఎత్తలేదని రాశావు. ఆ మాట నాకు తగిలింది. రెండు రోజులు ఉలి పట్టలేదు. లచ్చవ్వకు చదివి వినిపిస్తుంటే దేవవ్వ రంగు నూరుతూ విన్నది. "అది అడగది బాపు. నేను గూడ అడగలే గద" అని మళ్ళీ నూరుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఈ పిల్ల కూడా అక్క ఎట్లా ఉందని మమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. అడగనిది మరిచిపోయి కాదు.

నువ్వు చెప్పి పంపినట్టే కులపెద్ద మల్లన్న మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని, "ఆడివిల్లలన్నంక కొట్టుకుంటరు, మానుతరు. గంత మాత్రానికి ఒడి మాట తప్పుతవా?" అన్నాడు.

"తప్పుత" అన్నాను.

"తప్పితే కులంల కూసుండనియ్యం."

"నా ఇంట్ల నా పీట నాకుంది పెద్దన్న. గాడనే కూసుంట."

జీవితంలో పెద్దవాళ్ళకు నేను ఎదురు చెప్పింది అదొక్కటే. అప్పటిదాకా నాలుక ఉన్నట్టే ఎవరికీ తెలియదు, నాకూ సరిగ్గా తెలియదు. మల్లన్న చాయ తాగకుండా లేచి వెళ్ళాడు.

నీ కడుపుకోత నాకు తెలియదని అనుకోకు. ఆ మెట్ల మీద గంగును నువ్వు రెండు చేతులతో ఎట్లా చుట్టుకున్నావో నేను చూశాను. ఆ చేతుల్లోంచి అడుగుతున్నందుకు నా మీద కోపం పెట్టుకో, మాట్లాడ్డం మానేసెయ్యి. భరిస్తాను. అడగడం మాత్రం మానను.

నీ తమ్ముడు
అంబదాస్


నిర్మల్,
1 మార్చి 1959

అక్కా,

నిన్న మధ్యాహ్నం యాదవ్వ తిరిగి వచ్చింది. చిలకను తెచ్చింది, నీ మాటలూ తెచ్చింది.

తినడం, నిద్రపోవడం అన్నీ నువ్వు బావ చేత ఊరికే రాయించావట. నాలుగు నెలల్లో పిల్ల ఒక్కసారి కూడా నవ్వలేదట, ఒక్కసారి కూడా ఏడ్వలేదట. చెప్పిన పని చేసి, పెట్టిన అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చునేదట. నేను పంపిన చిలకను నువ్వు బీరువాలో దాచావట. మొన్న అది ఎట్లాగో కంటబడితే, గంగు దాన్ని వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి తిప్పి చూసి, నీ ఇల్లు అదిరేటట్టు అరిచిందట. "గిది నా గీతనా? నేను గింత అడ్డదిడ్డంగ ఎన్నడన్న గీసిన్నా? దానికి బుద్ధుందా?" అని కత్తిపీట ముందు వేసుకుని మెడ మీది రంగంతా గీకేసిందట. నువ్వు ఆపలేదట. "ఆ కోపం జూసినంక నాకు కడుపు నిండింది యాదవ్వా. ఎన్నడొస్తడో మా తమ్మున్ని రాయమను" అన్నావట.

ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. నేను నాలుగు నెలల కింద లొల్లికి భయపడి ఒక పిల్లను బయటికి పంపాను. నువ్వు ఆ లొల్లి కోసమే పంపుతున్నావు.

ఈ మంగళవారం కాక వచ్చే మంగళవారం పొద్దున్నే బయలుదేరి, ఆర్మూర్‌లో బస్సు మారి కొండగట్టుకు వస్తాను. దేవవ్వను తెస్తాను. నువ్వు గంగును తీసుకుని రా. ఏ మెట్టు మీద ఇచ్చానో ఆ మెట్టు మీదే అడిగి తీసుకుంటాను. మల్లన్నకు కూడా కబురు పెట్టాను, వచ్చి చూడమని. ఎండాకాలం రాగానే ఇద్దరినీ నీ ఇంట్లో దింపుతాను, రెండు నెలలు నీ దగ్గరే. ఇక నుంచి ఇస్తే ఇద్దరినీ ఇస్తాను, తెచ్చుకుంటే ఇద్దరినీ తెచ్చుకుంటాను. వాళ్ళ కొట్లాట నువ్వు కూడా పడాల్సిందే.

కళ్ళు లేని చిలకల గంప, నల్ల రంగు, కుంచె వెంట తెస్తున్నాను. గంగు చిలకలకు గంగే కన్ను దిద్దుతుంది. బాపు ఆత్మ ఏమైనా అనుకుంటే నేను చెప్పుకుంటాను.

గీకేసిన చిలకను దేవవ్వ చేతిలో పెట్టినప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూసింది. మొహం ఎర్రబడింది. "సూసినవా అవ్వా, నేనేసిన రంగంత గీకిపారేసింది" అని ఇల్లంతా తిరిగి అరిచింది. వాకిట్లోకి పోయి యాదవ్వకు చూపించి అరిచింది. లచ్చవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చింది. ఇద్దరమూ వద్దనలేదు.

ఇప్పుడు నా పక్కనే కూర్చుని, ఏం రాస్తున్నానో చూస్తున్నది. తన మాట ఒకటి రాయమంటున్నది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను, గంగుకు చదివించు:

"నా జుట్టు మళ్ళ చెవుల కింది దాక పెరిగింది. దమ్ముంటే జిగురు తెచ్చుకొమ్మను."

నీ తమ్ముడు
అంబదాస్