బొంగరం బొటనవేలు

డిసెంబర్ 7, ఆదివారం. సాయంత్రం ఆరు.

పదకొండు దాటితేగాని ఎండ రాలేదు. వచ్చాక వరండాలో చాప వేసుకుని ముగ్గురం కూర్చున్నాం. టైలరక్క షాపులో మిగిలిన గుడ్డముక్కలన్నీ మూటగట్టి తెచ్చి బొంత కుడుతోంది. బొంగరం స్వెటర్ అల్లుతోంది. ఒక్కచోట పది నిమిషాలు కూర్చోలేదు కాబట్టి ఆ పేరు పెట్టాం. ఊలు పట్టుకుంటే మాత్రం కదలదు. నేను గుడ్డబొమ్మకి కళ్ళ బదులు గుండీలు కుట్టాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వచ్చింది. అచ్చం నీలాగే చూస్తోందని అక్క అంది. మూడుసార్లు టీ తాగాం.

పెద్దాయన, అంటే మా కుక్క, మధ్యలో పడుకున్నాడు. బూడిదరంగు, గంభీరమైన మొహం. ఎవరొచ్చినా లేవడు. అందుకే ఆ పేరు.

నాలుగింటికి ఊలుండ నోట కరిచాడు. బొంగరం నవ్వుతూ లాగింది. వాడు కొరికాడు. ఎడమచేతి బొటనవేలు. రెండు చుక్కలు రక్తం, అంతే. సబ్బుతో చాలాసేపు కడిగించాను. ఇంజెక్షన్లన్నీ వేయించావు కదా అని అడిగింది.

ఆ, అన్నాను.

వాళ్ళు వెళ్ళాక బీరువాలోంచి వాడి ఇంజెక్షన్ల కార్డు తీశాను. వాడికి ఈ ఏడాది సూది పడలేదు. సెప్టెంబర్‌లో పడాల్సింది. బండి ఎక్కించబోతే వణుకుతాడని వాయిదా వేస్తూ వచ్చాను.

డిసెంబర్ 8, సోమవారం.

మందుల షాపులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. నాకు తెలియక కాదు.

ఇవాళ ఒకాయన వచ్చాడు. కూతుర్ని వీధికుక్క కరిచిందట, చీటీ తెచ్చాడు. ఫ్రిజ్‌లోంచి వ్యాక్సిన్ తీసి ఇచ్చాను. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి, కుక్క బాగానే ఉంది కదా అని ఊరుకోకండి అని మరీమరీ చెప్పాను. మంచిమాట చెప్పావమ్మా అని దణ్ణం పెట్టి వెళ్ళాడు. లోపలికెళ్ళి మొహం కడుక్కున్నాను.

బొంగరానికి ఫోన్ చేద్దామని మూడుసార్లు నంబర్ తీశాను.

ఈ ఊరొచ్చి ఆరేళ్ళు. నా గడప తొక్కేది వాళ్ళిద్దరే.

డిసెంబర్ 9, మంగళవారం. ఉదయం ఏడు.

పెద్దాయన తినలేదు. నోట్లోంచి సొంగ కారుతోంది. నీళ్ళ గిన్నె ముందు పెడితే మొహం తిప్పేశాడు.

నా కుక్కని చూస్తే నాకే భయం వేసింది. వెనకగదిలోకి పంపి గడియ పెట్టాను. ఒకసారి మూలిగాడు. తలుపు తీయలేదు.

మధ్యాహ్నం రెండు.

గది ఖాళీ. కిటికీ రెక్క సరిగా వేయలేదు. దూకేశాడు.

డిసెంబర్ 10, బుధవారం.

పనికి సెలవు పెట్టి వెతికాను. ప్రతి సందూ, ప్రతి ఖాళీ స్థలం. ఎవరైనా పరుగెత్తుకొస్తే చాలు, వీడే ఎవర్నో కరిచాడేమో అనిపిస్తోంది.

సాయంత్రం బొంగరం ఫోన్ చేసింది. పెద్దాయన ఎలా ఉన్నాడని అడిగింది. పడుకున్నాడు అన్నాను. సరే, అని పెట్టేసింది.

ఇది రెండో అబద్ధం. మొదటిది నోరుజారింది అనుకోవచ్చు. దీన్ని ఏమనాలి?

డిసెంబర్ 11, గురువారం.

స్కూలు గోడ పక్కన బూడిదరంగు కుక్కని చూశానని చెత్తబండి డ్రైవర్ చెప్పాడు. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తాను. లేడు. లోపల పిల్లలు ఆడుకుంటున్నారు, గేటు బార్లా తీసి ఉంది.

వాచ్‌మన్‌కి చెప్పాను, ఇలాంటి కుక్క కనబడితే పిల్లల్ని దగ్గరికి పోనివ్వొద్దని. మంచిది కాదా అన్నాడు. మంచిదే, ఇంజెక్షన్ వేయించలేదు, ఒకరిని కరిచింది అన్నాను. ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పగలిగాను. ఆయన వెళ్ళి గేటు మూశాడు. పశువుల డాక్టరుకి కూడా ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

అక్కణ్ణుంచి నేరుగా బొంగరం ఇంటికి. దారంతా అనుకున్న మాటలు గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ లేవు. కార్డు తీసి చేతికిచ్చాను. పెద్దాయన కనబడటం లేదు, సొంగ కార్చాడు, నువ్వు ఇప్పుడే నాతో ఆసుపత్రికి రావాలి అన్నాను.

తను కార్డు చదివింది. మడిచి నాకే ఇచ్చింది.

"రెండు సూదులయ్యాయి" అంది. "ఆదివారం మీ ఇంట్లోంచి అటే వెళ్ళాను. నువ్వు 'ఆ' అన్నప్పుడు నా మొహం చూడలేదు."

కార్డు ఇంకా చిన్నగా మడిచాను.

"ఎప్పుడు చెప్తావా అని చూశాను. నిన్న ఫోన్ కూడా చేశాను. నీ మాట నమ్ముకుని ఇంట్లో కూర్చుని ఉంటే నా గతేంటే?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తలుపు కూడా మెల్లగానే వేసింది.

డిసెంబర్ 12, శుక్రవారం.

పెద్దాయన దొరికాడు. టైలరక్క షాపులో, కటింగ్ టేబుల్ కింద, గుడ్డముక్కల కుప్పలో దూరాడు. అక్క చప్పుడు చేయకుండా బయటికొచ్చి, షట్టర్ దింపి నాకు ఫోన్ చేసింది. ఆదివారం నుంచి జరిగిందంతా నిన్న రాత్రే నా నోట విన్నది, అందుకే అంత జాగ్రత్త. తిట్టింది. చాలా తిట్టింది. ప్రాణం కాస్త కుదుటపడింది.

పశువుల డాక్టరు షాపుకే వచ్చి, మందపాటి గ్లౌజులతో నోరు తెరిచి చూశాడు. వెనక పన్ను కుళ్ళి, దవడ లోపల చీము పట్టిందట. ఊలు లాగినప్పుడు నొప్పికే కొరికి ఉండొచ్చు, సొంగ కూడా దానికే కావచ్చు అన్నాడు. కావచ్చు అనే అన్నాడు. పిచ్చి కాదని తేలడానికి కరిచిన రోజునుంచి పది రోజులు బోనులో ఉంచి చూడాల్సిందేనట.

మీరు సూది వేయించుకున్నారా అని నన్ను అడిగాడు. మంగళవారం ఆ సొంగ నా చేతులతోనే తుడిచాను, చలికి పగిలిన చేతులతో. నా సంగతే గుర్తురాలేదు. ఇవాళ మొదటిది వేయించుకున్నాను.

డిసెంబర్ 13, శనివారం.

రేపు మూడో సూదికి నీతో వస్తానని బొంగరానికి మెసేజ్ పెట్టాను. వద్దు అని ఒక్కమాట వచ్చింది.

డిసెంబర్ 14, ఆదివారం.

ఆసుపత్రికి వెళ్ళాను. బొంగరం బెంచీ మీద పక్కన హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి కూడా అటు తిరిగింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ముప్పావు గంట.

తర్వాత కాస్త జరిగి, బ్యాగ్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.